యంత్రము మారునప్పుడు లైసెన్సును మార్చుట యెట్లు?

మన పాఠశాలలో చదువు ముగించిన బాలబాలికలలో కొందఱు ప్రతి సంవత్సరమును ఇంజనీరింగు చదువులకు పోవుచున్నారు. చిత్తూరివారికి తిరుపతి 70 కిలోమీటర్ల దూరము మాత్రమే. అచ్చట శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినది. దాని ఇంజనీరింగు కళాశాల 1959లో ప్రారంభమైనది. ఐ.ఐ.టి. 2015లో వచ్చినది. ఇవి గాక ఈ ప్రాంతమున మఱి యెన్నియో కళాశాలలు కలవు. మా చిన్ననాట ఇంజనీరింగు విద్యార్థి యనగా చంకలో చుట్టిన డ్రాయింగు కాగితమును, చేతిలో టీ-స్క్వేరును గలవాడు. ఇప్పుడా పటములను కంప్యూటరుపై గీయుచున్నారు. వంతెన యొక్క బలమును, యిరుసు యొక్క కొలతను, విద్యుత్తు యొక్క నడకను లెక్క కట్టుటకు వేర్వేఱు ప్రోగ్రాములు గలవు.

అట్టి విద్యార్థులలో పలువురకు రెండు యంత్రములుండును. ఇంటనో, తండ్రిగారి దుకాణముననో నొక డెస్క్‌టాపు. హాస్టలులో నొక లాప్‌టాపు. వెల పెట్టి కొన్న ప్రోగ్రాము ఒకటే. అది మొదటి దానిలో నుండగా రెండవ దానిలో పని చేయునా? చేయదేని దానిని తరలించుట యెట్లు? ఈ ప్రశ్నను మా పూర్వ విద్యార్థులును, వారి తలిదండ్రులును మమ్ము పలుమాఱులడిగియున్నారు. చిన్న ప్రశ్నయేగదా యని మేమును చాలకాల మూరకుంటిమి. కాని యొక కుటుంబమునకు దీనివలన కలిగిన యిబ్బందిని విన్న పిమ్మట, దీనిని విపులముగా వ్రాయుట మంచిదని తోచినది.

ఆ కుటుంబము వారిది చిత్తూరులో నొక చిన్న లేతు దుకాణము. మామిడి గుజ్జు తీయు కర్మాగారములకును, చెఱకు గానుగలకును విఱిగిన భాగములను మరల చేసి యిచ్చుట వారి వృత్తి. కుమారుడు మా విద్యార్థియే. తిరుపతిలో మెకానికల్ ఇంజనీరింగు చదువుచున్నాడు. కుమారుని సలహాపై తండ్రి పటములు గీయు ప్రోగ్రామునొకదానిని సొమ్ము చెల్లించి కొని, దుకాణములోని డెస్క్‌టాపులో పెట్టించెను. రెండు సంవత్సరములు పని చక్కగా జరిగినది. పిదప డెస్క్‌టాపు పాతబడెనని వేసవి సెలవులలో దానిని దుకాణదారునకు మార్పిడికిచ్చి క్రొత్త లాప్‌టాపు తెచ్చిరి. పటములన్నిటిని ముందుగానే పెన్ డ్రైవులో నెక్కించుకొనిరి గనుక తమకు లోటు లేదనుకొనిరి.

లాప్‌టాపులో ప్రోగ్రామును పెట్టి, లైసెన్సు సంఖ్యను వ్రాయగా, “ఈ లైసెన్సు వేఱొక కంప్యూటరులో వాడుకలో నున్నది” అను సమాధానము వచ్చినది. ఆ వేఱొక కంప్యూటరు అప్పటికే విప్పబడి, దాని డిస్కు తుడిచివేయబడి యెవరి చేతికో పోయినది. ఇంతలో మామిడి కాలము వచ్చినది. ఒక కర్మాగారములో గుజ్జు తీయు యంత్రపు టిరుసు విఱిగి, మఱునాటికే క్రొత్తది కావలెనని కబురు వచ్చినది. లారీలలో కాయలు వచ్చి నిలిచియున్నవి. దాని పటము పెన్ డ్రైవులో భద్రముగానే యున్నది. తెఱచి చూచుటకు మాత్రము దారి లేదు. తరువాత నేమి జరిగినదో యీ వ్యాసము చివర చెప్పెదము. ముందుగా విషయము నెఱుగవలెను.

లైసెన్సు అనగా నేమి?

ప్రోగ్రాము వేఱు, లైసెన్సు వేఱు. ఈ భేదమును గ్రహించినచో సగము చిక్కు విడిపోవును. దీనికి మన పాఠశాలలోనే తగిన దృష్టాంతము కలదు.

ఒక బాలుడు పాఠశాలలో చేరినప్పుడు వాని పేరు ప్రవేశపు రిజిస్టరులో నెక్కును. పాఠ్యపుస్తకములు అంగడిలో నెవరైనను కొనవచ్చును. కాని పుస్తకములు చేత బట్టుకొని వచ్చి బల్లమీద కూర్చున్నంత మాత్రమున వాడు విద్యార్థి కాడు. హాజరు పిలుచునప్పుడు పేరుండవలెను. ప్రోగ్రాము పాఠ్యపుస్తకము వంటిది. దాని ప్రతిని ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొని యెన్ని యంత్రములలోనైనను పెట్టవచ్చును. లైసెన్సు రిజిస్టరులోని పేరు వంటిది. ఆ రిజిస్టరు మన యింట నుండదు. ప్రోగ్రాము చేసిన సంస్థ వారి కంప్యూటరులో నుండును. మన యంత్రము పేరు అందులో నెక్కుటకే యాక్టివేషన్ అని పేరు.

అదే బాలుడు వేఱొక యూరి పాఠశాలకు పోవలసివచ్చినచో నేమి చేయుదుము? మొదట పాత పాఠశాలవారు పేరు కొట్టివేసి టి.సి. ఇత్తురు. దానిని చూపినగాని క్రొత్త పాఠశాలవారు చేర్చుకొనరు. కంప్యూటరు విషయములో ఈ టి.సి.కి డీయాక్టివేషన్ అని పేరు. పాత యంత్రములో నుండి లైసెన్సును విడిపింపవలెను. పిదపనే క్రొత్త యంత్రములో చేర్పవలెను. మొదట విడుపు, తరువాత చేర్పు. ఈ క్రమము తప్పరాదు. మన చిత్తూరి కుటుంబము వారు చేసిన పొరపాటిదియే. టి.సి. తీసికొనకయే పాత బడిని కూల్చివైచిరి.

రిజిస్టరులో మన యంత్రమును గుర్తించుట యెట్లు? పదవ తరగతి పత్రములో విద్యార్థి పుట్టుమచ్చలు వ్రాయుదురుగదా! అట్లే యంత్రమునకును పుట్టుమచ్చలు కలవు. డిస్కు సంఖ్య, మదర్‌బోర్డు గుర్తు, నెట్‌వర్కు కార్డు చిరునామా మొదలగునవి అట్టివి. నెట్‌వర్కు కార్డు చిరునామాకు మాక్ అడ్రసు అని పేరు. అది సాధారణముగా 12 అక్షరాంకములు గలది; రెండేసి చొప్పున ఆఱు జతలుగా వ్రాయుదురు. విండోసు కంప్యూటరులో కమాండు కిటికీని తెఱచి ‘గెట్‌మాక్’ అని టైపు చేసినచో నది కనబడును.

ఇచ్చట లాప్‌టాపు విషయమై యొక హెచ్చరిక. డెస్క్‌టాపునకు తఱచుగా నొక్క నెట్‌వర్కు కార్డే యుండును. లాప్‌టాపునకు తీగతో కలుపు కార్డొకటి, వైఫై కార్డొకటి యుండవచ్చును. పైనుండి తగిలించు చిన్న పరికరములకును వేఱు చిరునామా యుండును. అట్టి తగిలింపు పరికరపు చిరునామాపై లైసెన్సును కట్టినచో, దానిని పీకివేసిన దినమున ప్రోగ్రాము తెఱచుకొనదు. మఱియు విండోసులో వైఫై చిరునామాను యాదృచ్ఛికముగా మార్చుచుండు నేర్పాటొకటి కలదు. లైసెన్సు వైఫై చిరునామాతో ముడిపడియున్నచో ఆ యేర్పాటును ఆపి యుంచవలెను.

లైసెన్సులలో రకములు

లైసెన్సులన్నియు నొక రీతివి కావు. ముఖ్యముగా నాలుగు రకములు కలవు.

మొదటిది యంత్రమునకు కట్టిన లైసెన్సు. పైన చెప్పిన టి.సి. పద్ధతి దీనిదే. మెకానికల్ విద్యార్థు లెఱిగిన సాలిడ్‌వర్క్స్ ప్రోగ్రాము నొంటరి కంప్యూటరునకు కొన్నచో నిట్టి లైసెన్సు వచ్చుట కలదు. దానిని విడిపించు మార్గము ఆ ప్రోగ్రాములోనే ‘హెల్ప్’ పట్టికలో ‘లైసెన్సెస్’ అను చోట నుండును. గణితపు పనికి వాడు మాట్‌లాబ్ లైసెన్సును ఆ సంస్థవారి వెబ్ ఖాతా నుండియు విడిపింపవచ్చును. కావున యంత్రము చెడిపోయినను దారి మిగిలియుండును.

రెండవది మనిషి పేరునకు కట్టిన లైసెన్సు. ఆటోకాడ్ ప్రోగ్రాము 1982లో పుట్టినది. చాలకాలము దానిని ఒక్కమాఱు కొన్నచో ఆ ప్రతిని శాశ్వతముగా వాడుకొను హక్కు వచ్చెడిది. ఆ సంస్థవారు 2016లో శాశ్వత లైసెన్సుల విక్రయమును ఆపి, చందా పద్ధతిని పెట్టిరి. ఈ పద్ధతిలో యంత్రముతో నిమిత్తము తక్కువ. ఎవరి పేరున చందా యున్నదో వారు తమ ఖాతాతో ప్రవేశింపవలెను. ఈ వ్యాసము వ్రాయునాటి నియమము ననుసరించి ఒక వ్యక్తి ఆటోకాడును మూడు కంప్యూటర్ల వఱకు పెట్టుకొనవచ్చును. కాని యొకేసారి యొక్క దానిలోనే వాడవలెను. ఇట్టి దానికి తరలింపు అక్కఱలేదు. డెస్క్‌టాపులో నిష్క్రమించి లాప్‌టాపులో ప్రవేశించుటయే చాలును. అయితే ఈ సౌకర్యమునకు తగిన జాగ్రత్తయు కావలెను. కళాశాల ప్రయోగశాలలో తన ఖాతాతో ప్రవేశించి, నిష్క్రమింపకయే లేచిపోవువాడు తన యింటి తాళపు చెవిని తలుపునకే వదలిపోవువానితో సమానుడు.

మూడవది గ్రంథాలయ పద్ధతి. కళాశాలలును, పెద్ద కర్మాగారములును నెక్కువగా నిట్టి లైసెన్సులను కొందురు. సంస్థలోని యొక కంప్యూటరు గ్రంథాలయాధికారివలె నుండి లైసెన్సులను పంచిపెట్టును. 30 లైసెన్సులున్న ప్రయోగశాలలో ప్రోగ్రాము 60 యంత్రములలో నుండవచ్చును. కాని 30 మంది వాడుచుండగా 31వ వాడు వచ్చినచో నొకరు లేచువఱకు వేచియుండవలెను. దీనిలో ‘బారో’ అను సౌకర్యము కలదు. అనగా పుస్తకమును ఇంటికి తీసికొనిపోయినట్లు లైసెన్సును కొంతకాలము లాప్‌టాపులోనికి తీసికొనిపోవుట. సాలిడ్‌వర్క్స్ నందు దీని గడువు 30 దినములకు మించరాదు. గడువు తీరగానే అది తనంతట తాను తిరిగి గ్రంథాలయమునకు పోవును. పని ముందుగా ముగిసినచో ముందే తిరిగి యిచ్చుట మర్యాద. తీసికొన్న లాప్‌టాపు డిస్కును ఆ నడుమ తుడిచివేసినచో, గడువు తీరువఱకు ఆ లైసెన్సు ఎవరికిని అక్కఱకు రాదు. ఒక విద్యార్థి యజాగ్రత్తవలన మఱియొక విద్యార్థి ప్రాజెక్టు నిలిచిపోవును.

నాలుగవది తాళపు చెవి పద్ధతి. 1980లలో కొన్ని ప్రోగ్రాములతోపాటు చిన్న బిళ్ల వంటి పరికరము నిచ్చుచుండిరి. ప్రింటరు తీగను కలుపుచోట దానిని తగిలించినగాని ప్రోగ్రాము నడవదు. ఇప్పుడట్టివి యు.ఎస్.బి. రూపములో వచ్చుచున్నవి. దానిని డెస్క్‌టాపు నుండి తీసి లాప్‌టాపునకు తగిలించినచో లైసెన్సు మారినట్లే. ఇంతకంటె సులువైన తరలింపు లేదు. కాని పరికరము పోయినచో లైసెన్సు పోయినట్లే యని యెంచి, బంగారపు టుంగరమువలె కాపాడుకొనవలెను.

ఇవి గాక అసలే కదలని లైసెన్సులును కలవు. క్రొత్త కంప్యూటరుతోపాటు దాని తయారీదారులు పెట్టి యిచ్చు విండోసు లైసెన్సు ఆ యంత్రముతోనే పుట్టి ఆ యంత్రముతోనే పోవును. పాత డెస్క్‌టాపులోని దానిని క్రొత్త లాప్‌టాపునకు మార్చుటకు వీలులేదు. విడిగా అంగడిలో కొన్న విండోసు లైసెన్సును మాత్రము మార్చుకొనవచ్చును. కొనునప్పుడే యీ భేదము నడిగి తెలిసికొనుట మంచిది.

తరలించు క్రమము

యంత్రమునకు కట్టిన లైసెన్సును డెస్క్‌టాపు నుండి లాప్‌టాపునకు మార్చుటలో ననుసరింపవలసిన క్రమమును దిగువ చెప్పుచున్నాము. ప్రోగ్రామును బట్టి మాటలు మారునుగాని, క్రమము మారదు.

మొదటిది: లైసెన్సు పత్రమును చదువవలెను. అది యెవరి పేరున నున్నది? యంత్రము మార్చుటకు అనుమతి కలదా? సంవత్సరమునకు ఇన్నిమాఱులే మార్చవలెనను హద్దు కలదా? పెక్కుమంది కొన్న దినమున ‘ఒప్పుకొంటిని’ అను బొత్తామును నొక్కుటయే గాని దానిపైనున్న మాటలను చదువరు.

రెండవది: లైసెన్సు సంఖ్య, ఖాతా ఈమెయిలు, కొన్న రసీదు, ఈ మూడింటిని ఒక నోటుపుస్తకములో వ్రాసి భద్రపఱచవలెను. ఆ కంప్యూటరులోనే దాచుట దాచుట కాదు. ఇంకొక మాట: కళాశాల యిచ్చిన ఈమెయిలు చదువు ముగిసిన పిమ్మట మూతపడవచ్చును. దుకాణమునకు కొన్న లైసెన్సును దుకాణపు ఈమెయిలుతోనే నమోదు చేయవలెను. అమ్మినవాని ఈమెయిలుతో నెన్నడును నమోదు చేయింపరాదు.

మూడవది: లాప్‌టాపు ఆ ప్రోగ్రామునకు చాలునో చాలదో చూడవలెను. మెమరీ, డిస్కు ఖాళీ, చిత్రములను చూపు కార్డు, విండోసు వెర్షను, ఇవియన్నియు సంస్థవారు చెప్పిన కొలతకు సరిపోవలెను. మఱియు డెస్క్‌టాపులో నున్న వెర్షనుకంటె పాతదానిని లాప్‌టాపులో పెట్టరాదు. క్రొత్త వెర్షనులో గీచిన పటమును పాత వెర్షను సాధారణముగా తెఱవలేదు.

నాలుగవది: పటములను, మనము చేసికొన్న అమరికలను వేఱొక చోట నెక్కించుకొనవలెను. ముఖ్యమైన ప్రతి పటమునకును రెండు అదనపు ప్రతులు చేయవలెను. ఒకటి పి.డి.ఎఫ్. ప్రతి, దీనిని ఫోనులోనైనను చూడవచ్చును, కాగితముపై ముద్రింపవచ్చును. రెండవది స్టెప్ ప్రతి. స్టెప్ అనునది అంతర్జాతీయ ప్రమాణ సంస్థవారు 1994లో మొదట ప్రకటించిన ఉమ్మడి రూపము. ఒక ప్రోగ్రాములో చేసిన ఘనరూపమును మఱియొక ప్రోగ్రాములో తెఱచుటకు పనికివచ్చును. ఈ రెండు ప్రతులున్నచో లైసెన్సు లేని దినమునను మన పని మన చేతిలో నుండును.

అయిదవది: ఇంటర్నెట్టు కలిపి, డెస్క్‌టాపులోని ప్రోగ్రామును తెఱచి, లైసెన్సును విడిపింపవలెను. విడిపోయినదను సమాధానమును కన్నులార చూచి, వీలైనచో సంస్థవారి వెబ్ ఖాతాలో కూడ సరిచూచుకొనవలెను. ప్రోగ్రామును తీసివేసినంత మాత్రమున లైసెన్సు విడిపోవునని తలంపరాదు. పెక్కు ప్రోగ్రాములలో తీసివేత వేఱు, విడిపింపు వేఱు. డిస్కు తుడుచుటకు ముందును, మదర్‌బోర్డు మార్చుటకు ముందును, మార్పిడికిచ్చుటకు ముందును ఈ పని జరుగవలెను. మరమ్మతునకు పంపునప్పుడు కూడ ముందే విడిపించి పంపుట శ్రేయస్కరము.

ఆఱవది: లాప్‌టాపులో ప్రోగ్రామును పెట్టి, యాక్టివేషన్ చేసి, ఒక పాత పటమును తెఱచి చూడవలెను. అంతయు సరిగా నున్నదని నిశ్చయమైన పిమ్మటనే డెస్క్‌టాపును వదలుకొనవలెను.

ఇంటర్నెట్టు లేని చోట నేమి చేయవలెనని యొకరడిగిరి. పెక్కు సంస్థలు దానికిని మార్గము చూపినవి. ప్రోగ్రాము ఒక చిన్న విన్నపపు ఫైలును తయారుచేయును. దానిని పెన్ డ్రైవులో తీసికొని, ఇంటర్నెట్టున్న వేఱొక కంప్యూటరు నుండి ఈమెయిలులో పంపవలెను. సంస్థ పంపిన ప్రత్యుత్తరపు ఫైలును మరల తెచ్చి ప్రోగ్రామునకు చూపవలెను. కొంచెము తిరుగుడు పనియైనను ఫలించును.

కొందఱు యువకులు, గడువు తీరిన లైసెన్సును బ్రతికించుటకు కంప్యూటరు గడియారమును వెనుకకు త్రిప్పుదురు. లైసెన్సులను కాచు ప్రోగ్రాములు దీనిని కనిపెట్టును. సక్రమమైన లైసెన్సు కూడ దీనివలన నిలిచిపోవుట కలదు. ఈ చిట్కా జోలికి పోవద్దు.

పాత యంత్రము చెడిపోయినచో

విడిపించుటకు ముందే డెస్క్‌టాపు పిడుగుపాటునకో, విద్యుత్తు హెచ్చుతగ్గులకో కాలిపోయినచో నేమి గతి? బడి రికార్డులు కాలిపోయినచో బాలుని చదువు ఆగిపోదుగదా! విద్యాశాఖాధికారికి వ్రాసి సరిచేయించుకొందుము. ఇచ్చటను అంతే. సంస్థవారి సహాయ విభాగమునకు వ్రాయవలెను. అందు లైసెన్సు సంఖ్యను, రసీదు ప్రతిని, యంత్రము పోయిన తీరును, ఆ యంత్రములో నిక వాడమను హామీని తెలుపవలెను. వారు సమ్మతించినచో తమ రిజిస్టరులో పాత పేరును కొట్టివేయుదురు. కొన్ని దినములు పట్టవచ్చును. కావున పరీక్షకు ముందు రాత్రియో, పని తొందరలో నున్నప్పుడో యంత్రము మార్చుట వివేకము కాదు.

దొంగ ప్రతుల మాట

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు ఎవడో యొక స్నేహితుడు పెన్ డ్రైవుతో ప్రత్యక్షమగును. తాళము విఱుగగొట్టిన ప్రతి తనయొద్ద కలదనియు, లైసెన్సు అక్కఱలేదనియు చెప్పును. విద్యార్థులారా, ఇచ్చట నిలిచి యాలోచింపుడు.

మన దేశపు కాపీరైటు చట్టము 1957లో వచ్చినది. న్యాయముగా ప్రోగ్రాము ప్రతిని పొందినవాడు, అది నష్టపోకుండ తాత్కాలిక రక్షణగా నొక ప్రతి తీసి యుంచుకొనుటకు 52వ సెక్షను అనుమతించుచున్నది. కాని దొంగ ప్రతి యని తెలిసియు దానిని కంప్యూటరులో వాడువానికి 63-బి సెక్షను శిక్ష విధించుచున్నది. ఏడు దినములకు తక్కువ గాక మూడు సంవత్సరముల వఱకు ఖైదు. 50,000 రూపాయలకు తక్కువ గాక 2,00,000 రూపాయల వఱకు జుర్మానా. లాభము కొఱకుగాని, వ్యాపారమునందుగాని వాడనియెడల న్యాయస్థానము ఖైదు విధింపక 50,000 వఱకు జుర్మానాతో సరిపెట్టవచ్చును. చట్టము నటుంచినను, తాళము విఱుగగొట్టిన ప్రతులలో వైరసులు దాగియుండుట సాధారణము. వాటికి సంస్థవారి సహాయము లేదు, మరమ్మతులు లేవు. వంతెన బలమును లెక్కించు ప్రోగ్రామును ఎవరో తెలియనివారు లోపల చేయిపెట్టి మార్చినచో, దాని లెక్కను నమ్మి వంతెన కట్టుట యెట్లు?

మఱియొక పొరపాటు దొంగతనమని తోచకయే జరుగుచుండును. కొన్ని సంస్థలు విద్యార్థులకు ఉచితముగానో, స్వల్పమైన వెలకో లైసెన్సు లిచ్చుచున్నవి. ఆటోకాడ్ వారు విద్యార్థియని ఋజువు చూచి యొక సంవత్సరమున కిత్తురు. అర్హత యున్నంతవఱకు మరల పొందవచ్చును. అది చదువు కొఱకే గాని వ్యాపారమునకు కాదు. కుమారుని విద్యార్థి లైసెన్సుతో తండ్రి దుకాణపు పని చేయరాదు. కొన్ని ప్రోగ్రాములలో విద్యార్థి ప్రతితో గీచిన పటములకు చెఱగని గుర్తు కూడ పడును.

సొమ్ము లేనివారికి మార్గము లేదా? కలదు. ఫ్రీకాడ్, సైలాబ్, గ్నూ ఆక్టేవ్ మొదలైనవి స్వేచ్ఛగా వాడుకొనదగిన ప్రోగ్రాములు. వీటిని డెస్క్‌టాపులోను, లాప్‌టాపులోను, స్నేహితుని యంత్రములోను నొకేసారి పెట్టుకొనవచ్చును. రిజిస్టరు లేదు, టి.సి. లేదు. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ యను కార్యక్రమమువారు కేంద్ర ప్రభుత్వ సహాయముతో నిట్టి ప్రోగ్రాములను కళాశాలలలో వ్యాప్తి చేయుచున్నారు. పరిశ్రమలలో వాడు ప్రోగ్రాములన్నిటికిని ఇవి బదులు కాజాలవు. అయినను విద్యార్థి పునాది వేసికొనుటకు చాలును.

ఆ కుటుంబము వారి సంగతి

ఇక మొదట నాపిన కథను ముగించెదము. ఆ సాయంకాలము కుమారుని స్నేహితుడొకడు దొంగ ప్రతితో దుకాణమునకు వచ్చెను. కుమారుడు కర్మాగారము వారి తొందరను చూచి తండ్రివైపు చూచెను. తండ్రి, “సొమ్ము చెల్లించి కొన్నది మన యొద్ద నుండగా దొంగసొత్తు మన కెందుకురా నాయనా? అది వచ్చువఱకు చేతులు లేవా?” అని చెప్పి, అటుకమీది నుండి ఐ.టి.ఐ.లో చదివిన నాటి డ్రాయింగు బల్లను దింపించెను. విఱిగిన ఇరుసు ముక్కలను కలిపిపెట్టి, వెర్నియరు కాలిపరుతో కొలతలు తీసి, పెన్సిలుతో పటము గీచెను. ఇంజనీరింగు కళాశాలలో మూడవ సంవత్సరము చదువుచున్న కుమారుడు ఆ రాత్రి తండ్రి ప్రక్కన నిలిచి దీపము పట్టి, కొలతలు చదివెను. తెల్లవాఱులోగా ఇరుసు సిద్ధమైనది. కర్మాగారము నడచినది.

మఱునాడు కుమారుడు రసీదు ప్రతిని జతచేసి సంస్థవారికి వ్రాసెను. అయిదవ దినమున పాత యంత్రపు పేరు కొట్టివేయబడి, లాప్‌టాపులో ప్రోగ్రాము తెఱచుకొనెను. పెన్ డ్రైవులోని పటమును తండ్రి గీచిన కాగితముతో పోల్చి చూడగా ఒక్క చోట తప్ప కొలతలన్నియు సరిపోయినవట. ఆ యొక్క చోట ఇరుసు అరిగియుండుటచే కొలత తగ్గినదట. అదృష్టవశమున నది బేరింగు పట్టు చోటు గాక బయటి భాగమగుటచే ప్రమాదము కలుగలేదు. ఒక పి.డి.ఎఫ్. ప్రతి చేసి యుంచుకొన్నచో ఆ భయము కూడ ఉండెడిది కాదని కుమారుడు మాతో చెప్పి, తన పేరు వ్రాయవద్దనియు, సంగతి మాత్రము తమ్ములకు చెల్లెండ్రకు తెలియునట్లు వ్రాయుమనియు కోరెను.

తలిదండ్రులారా, మీ పిల్లలకు కంప్యూటరు కొని యిచ్చునప్పుడు దాని లోపలి ప్రోగ్రాముల రసీదులను కూడ ఇంటి పత్రములతోపాటు పెట్టెలో దాచుడు. విద్యార్థులారా, క్రొత్త యంత్రము వచ్చిన సంతోషములో పాత దానిని మఱువకుడు. పాత బడి నుండి టి.సి. తీసికొని, గురువులకు నమస్కరించి, క్రొత్త బడికి పోవు బాలునివలె, పాత యంత్రములో లైసెన్సును విడిపించి, పిదపనే క్రొత్తదానిలో చేర్చుడు. ఆ పనికి పది నిమిషములు చాలును. దానిని మఱచినచో నెన్ని దినములు పోవునో, ఎవరి పని నిలుచునో ముందుగా చెప్పజాలము.